తూనీగ కుబుసం

కదలకు ఆల్సీడ్, కదిలావంటే విషం నీకంటే ముందు నీ గుండెకి చేరుతుంది, అంచేత రాజుగారిలా కూర్చో, వీపు పడవ అంచుకి ఆనించి, ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పొద్దు చూస్తూ. పొద్దు సైప్రస్ చెట్ల నడుం దాకా వచ్చింది, అంటే ఏడవుతోంది, అంటే రేవులో ఉలాలీ ట్రక్కు ఆపి, ఫ్లాస్కు మూత తిప్పి, నాకోసం కాలవ వైపు చూస్తూ ఉంటుంది. నలభై ఆరేళ్ళుగా నా పెళ్ళాం ఏడింటికి అక్కడే, రొయ్యల బస్తాలు ఎక్కించుకోవడానికి. పాము కరిచి పావుగంటైంది. ఎంత పామనుకున్నారు, తల నా పడవలో ఉంటే తోక ఇంకా పక్క జిల్లాలో ఎండకి ఆరేసుకుని... కాదు. పందెం ఉంది. ఇవాళ పొద్దు గూకేదాకా అబద్ధం ఆడనని నలభై మంది ముందు ఒట్టేశాను. మనసులో అనుకునేవి కూడా లెక్కలోకొస్తాయా అని అప్పుడు అడగలేదు, అడిగుండాల్సింది. సరే, నిజం: జానా బెత్తెడు పాము. తోక చివర ఇంకా పసుపు వదలని పిల్లపాము. తీగబోను పైకెత్తి పళ్ళెంలో గుమ్మరిస్తే ఎర్రరొయ్యలన్నీ పీతల్లా గోళ్ళెత్తి నన్ను తిట్టుకుంటూ జారాయి, వాటితో పాటు అదీ జారింది, దూదిపింజె లాంటి తెల్లటి నోరు తెరిచింది, ఎడంచేతి బొటనవేలి పక్కన పెట్టింది. నేను ఎగిరిన ఎగురుకి మోకాలు ఇంజను పిడికి తగిలింది, పడవ సైప్రస్ మోడు ఎక్కింది, ఠప్పని ఇంజను పంకాని పట్టి ఉంచే పిన్ను విరిగింది, జేబులో ఫోను నీళ్ళలో పడింది. ఇప్పుడు అడుగున రొయ్యలు ఎవరెవరితో మాట్లాడుకుంటున్నాయో. ఇంకో పిన్ను లేకేం, డబ్బాలో ఉంది. డబ్బా ఇంట్లో ఉంది. ఒంటిచేత్తో గెడ వేద్దామని లేస్తే కళ్ళు తిరిగాయి, మళ్ళీ కూలబడ్డాను.

ముందుగా చేసిన తెలివైన పని ఉంగరం తియ్యడం. వేలు ఉబ్బితే ఉంగరం కత్తవుతుంది. ఉమ్మి రాసి, పళ్ళతో పట్టి లాగి, కుడిచేతి చిటికెన వేలికి తొడుక్కున్నాను. అది ఉన్నచోట ఎండ ఎరగని తెల్లటి చార, నలభై ఆరేళ్ళ నీడ. ఇప్పుడా చారా లేదు, చెయ్యంతా ఒకటే రంగు, వంకాయ రంగు, మణికట్టు దాటి పైకి పాకుతోంది. పాకుతోంది అనుకుంటుంటేనే చూశాను, నాకు మూరెడు దూరంలో ఇంకోటి పాకుతోంది. బోను మెడ నీళ్ళపైకి నిలబడి ఉంటుంది కదా, రొయ్యలు ఊపిరికోసం ఎక్కడానికి, ఆ తీగ మీద ఒక పురుగు, సాలీడులా పొడుగు కాళ్ళు, ఒళ్ళంతా బురద, అడుగుకో కాలు వేసి ఆగుతూ, మోకాళ్ళనొప్పుల ముసలాడిలా. తూనీగ పిల్ల. రెక్కల్లేని తూనీగ. రెండేళ్ళుగానో మూడేళ్ళుగానో ఈ బురదలోనే ఉంది, నా పడవ అడుగుభాగం తప్ప నన్నెప్పుడూ చూడలేదు, నా ఎర దొంగతనంగా తిని, చిట్టిచేపల్ని కింది పెదవి చాచి లటుక్కున లాక్కుని, వెనకనించి నీళ్ళు చిమ్ముకుంటూ తోక వైపు ఊపిరి పీల్చుకుంటూ బతికింది. ఇది అబద్ధం కాదు, నిజంగా తోక వైపే పీలుస్తాయి. నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మిన మా బావమరిది ఒనెజీమ్ ఈ ఒక్క నిజం నమ్మలేదు, మూడు రోజులు నవ్వాడు.

ఎక్కు, ఎక్కు. నువ్వు మంచి పొద్దే ఎంచుకున్నావు, నాకు తోడు దొరికావు. మా నాయనమ్మ నిన్ను మామ్‌సెల్ అనేది, పెళ్ళికాని పిల్ల అని. రేవులో కుర్రకారు దోమలడేగ అంటారు. ఉత్తరాది కొండలవాళ్ళు పాముల డాక్టరంటారు, పాముకి దెబ్బ తగిలితే తూనీగ వెంటపడి వెళ్ళి కుట్లేస్తుందట. ఇందాక ఓ నీలంతూనీగ వచ్చి నా ఉబ్బిన చేతిమీదే వాలింది, చూసింది, ముప్పై వేల కళ్ళతో చూసింది. అమ్మా నీ పేషెంటు అటు పోయింది, నేను కరిపించుకున్నవాణ్ణి అన్నాను. లేచిపోయి మళ్ళీ అదే పుల్ల మీద వాలింది, దాని పుల్ల అది, వేరే తూనీగ వస్తే తరిమి తరిమి వచ్చి మళ్ళీ అక్కడే, మా నాన్న కుర్చీలాగా. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, పోయాక కూడా ఏడాది పాటు పక్కనించి నడిచేవాళ్ళం. నాయనమ్మ మాత్రం తూనీగ కనబడితే కుట్టుపని మానేసి సూది దాచేసేది, అది ఆ సూది ఎత్తుకుపోయి అబద్ధాలాడే వాళ్ళ పెదాలు కుట్టేస్తుందని. మా ఇంట్లో ఆడామగా అందరం తూనీగ ఎదురొస్తే పెదాల మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళం, నేనైతే రెండు చేతులూ. నా సంగతి నాకు తెలుసు కదా.

ఇప్పుడు పెదాలు తిమ్మిరిగా ఉన్నాయి. విషమా, కుట్లా? ఒకటో కుట్టు, రెండో కుట్టు. నాలిక మీద ఇనప చిలుం రుచి. దడ వద్దు, ఏదైనా మంచిది తలుచుకో. దోమలు. ఏవీ దోమలు? మే నెల పొద్దున ముంపు అడవిలో చొక్కా తడిసిన మనిషి నెత్తిన దోమ ఒక్కటి లేదంటే ఎవరి చలవ? పైన తూనీగలు ఎగురుతున్నాయి చూడు, ఇరవయ్యో పాతికో, కాళ్ళు బుట్టలా మడిచి, గాల్లోనే పట్టి గాల్లోనే నమిలి. పెద్ద వరద ఏడాది దోమలు ఎంతెంతుండేవంటే మా నల్లకోడిపెట్టని రెండు దోమలు చెరో రెక్కా పట్టుకుని... పందెం, పందెం. వరదయ్యాక దోమలు ఎక్కువగా ఉండేవి. అంతే. చూడండి, నిజం ఎంత చిన్నగా ఉంటుందో, నోట్లో వేసుకుంటే నాలిక్కి కూడా తగలదు.

అసలు ఈ తంటా అంతా నిజంతోనే వచ్చింది. నిన్న సాయంత్రం మా పెరట్లో రొయ్యలు ఉడకబెట్టాం, బల్లమీద పేపర్లు పరిచి, మొక్కజొన్న, బంగాళాదుంపలు, మిరియపు కారం, చుట్టూ నలభై మంది మూతులు చప్పరిస్తూ. నేను నా మామూలు పాట మొదలెట్టాను, తూనీగలు నా పడవని లాక్కొచ్చిన కథ, పన్నెండు తూనీగలకి దారాలు కట్టి ఇంజను లేకుండా రేవుకి చేరానని. పదకొండేళ్ళుగా చెబుతున్నా, మొదట్లో అవి ఆరే. ఉలాలీ రొయ్య తల తుంచి పారేసి నిలబడింది.

"ఈ మనిషి ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు నిజం చెప్పి బతికితే నా చేత్తో అత్తిపండ్ల కేకు చేసి పెడతాను. మూడంతస్తులది."

"నేను ఓడితే?"

"ఎండలు పోయేదాకా అంట్లన్నీ నువ్వే తోముతావు."

ఒనెజీమ్ బల్ల గుద్దాడు. "అక్కా, సబ్బు కొని పెట్టుకో! మా బావకి నిజం పడదు, దద్దుర్లొస్తాయి!"

అందరూ నవ్వారు, నేనే ఎక్కువ నవ్వాను. నవ్వుతూనే ఆమె కళ్ళు చూశాను, అందులో నవ్వు సగమే ఉంది. మిగతా సగం ఫోర్కు. అయ్యో, ఆ ఫోర్కు. ఆరేళ్ళ కిందట ఇలాగే ఉడకబెట్టిన రోజు, చేతిమీద ఫోర్కుతో రెండు గాట్లు పెట్టుకుని, పాము, ఉలాలీ, పాము అని అరుస్తూ వంటింట్లోకి వెళ్ళాను, నవ్విద్దామని. చేతిలో గిన్నె వదిలేసింది, వేడినీళ్ళు కాళ్ళమీద పడ్డా చూసుకోలేదు, తన తలగుడ్డ చించి నా చేతికి కట్టేస్తోంది, కడుతూ ఏడుస్తోంది, నన్ను వదిలి పోతావా ఆల్సీడ్, నన్ను వదిలి పోతావా అని. అప్పుడు నాకు ఫోర్కు అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాను, కొంచెం ఆగి. కొట్టలేదు. మంచం మీద కూర్చుని కాళ్ళకి వెన్న రాసుకుంది. ఇప్పటికీ ఎడమ పాదం మీద నాణెమంత మచ్చ ఉంది, చెప్పులేసుకున్నప్పుడల్లా కనబడుతుంది. నాకే కనబడుతుంది, ఆమె ఎప్పుడూ దాని మాట ఎత్తదు.

అందుకే ఇవాళ పొద్దున్నే, కేకు కోసం కాదు, ఆ మచ్చ కోసం, నిజం చెప్పేశాను. మా రేవులో బోనులు వేసిన చోటు ఎవడూ చెప్పడు. ఉత్తరం అంటే దక్షిణం, దగ్గరంటే దూరం. ఇది అబద్ధం కాదు, మా వృత్తిలో మర్యాద, అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. పెళ్ళాలకి కూడా చెప్పం. వాళ్ళకి అక్కచెల్లెళ్ళుంటారు, అక్కచెల్లెళ్ళకి మొగుళ్ళుంటారు, ఆ మొగుళ్ళకి బోనులుంటాయి. మా ఇంట్లో నలభై ఆరేళ్ళుగా రోజూ ఇదే పూజ, ఆమె ఎటు అంటుంది, నేను తిరగేసి చెబుతాను. ఇవాళ ఆమె గుమ్మం దగ్గర వంగి నా బూటు తుడుస్తోంది, మడమకి అంటుకున్న ఎండు పురుగుపొట్టు ఏదో గోటితో గీకి తన కాఫీడబ్బాలో వేసుకుంటోంది. అదో పిచ్చి ఆమెకి. నా టోపీ మీదా, బస్తాల మీదా దొరికిన తూనీగ కుబుసాలన్నీ ఏరి కిటికీలో డబ్బాలో దాస్తుంది, నిధినిక్షేపాలా అని ఏడిపిస్తుంటాను.

"ఎటు?" అంది.

"ఉత్తరానికి. మూడు మోళ్ళ పాయ," అన్నాను. మొదటిసారి బట్టలిప్పి నిలబడ్డట్టనిపించింది.

"ఊఁ," అంది. తలెత్తలేదు.

అంతే. ఇప్పుడు లెక్క చూసుకో ఆల్సీడ్. ఏడున్నరకి నేను రాను. ఉలాలీ ఒనెజీమ్‌ని లేపుతుంది. ఎటెళ్ళాడు అంటాడు వాడు. ఉత్తరమన్నాడు అంటుంది ఆమె. వాళ్ళిద్దరికీ నలభై ఆరేళ్ళ అలవాటు, ఉత్తరమన్నాడంటే దక్షిణాన నల్లమడుగులో ఉన్నాడని. నల్లమడుగు వెతకడానికే మధ్యాహ్నం అవుతుంది. అప్పటికి ఈ వంకాయ భుజం దాటుతుంది. చిన్నపిల్లపాము కరిస్తే ఆరోగ్యంగా ఉన్నవాడు మామూలుగా చావడు అంటారు, కాని అరవై తొమ్మిదేళ్ళ వాడు, డాక్టరు గుండె జాగ్రత్త అని రెండుసార్లు చెప్పినవాడు, ఎండలో, నీళ్ళసీసా సగం మిగిలినవాడు? పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి నిజం చెబితే అది నన్నే తిరిగి కరిచింది.

పురుగు వీపు చిట్లింది. ఇంతసేపూ కదల్లేదు, తీగకి గోళ్ళు గుచ్చి చచ్చిపోయినట్టు ఉంది, ఇప్పుడు మెడ వెనక సన్నటి గీత, అందులోంచి ఏదో తెల్లగా, మెత్తగా, ఉడికిన గుడ్డులా ఉబ్బుకొస్తోంది. తల వచ్చింది. కళ్ళు వచ్చాయి, ఇంకా రంగు లేదు. కాళ్ళు వచ్చాయి. ఇప్పుడు వెనక్కి వేలాడిపోయింది, తలకిందులుగా, తోక మాత్రం ఇంకా పాత చొక్కాలో. ఏమైందే, అలిసిపోయావా? ఊపిరి తీసుకో. నాకూ అలసటగానే ఉంది. ఇద్దరం ఒకే పనిలో ఉన్నాం, కదలకుండా ఉండటం. నువ్వు కదిలితే నీళ్ళలో పడతావు, చేప తింటుంది. నేను కదిలితే... ఉలాలీ వాళ్ళ నాన్న కొన్న నల్లకారు గుర్తొస్తోంది. పెళ్ళిరోజు చర్చి ముందు ఆపారు, అద్దంలా మెరుస్తోంది, ఓ తూనీగ వచ్చి కారు పైకప్పు మీద తోక ముంచుతోంది, టక్, టక్, టక్, నీళ్ళనుకుని గుడ్లు పెట్టేస్తోంది. మీ నాన్న కారు ఈ ఏడాదే ఈనుతుంది అన్నాను పక్కనున్న పెళ్ళికూతురితో. పాదిరిగారు ప్రార్థన చెబుతుంటే అది తలుచుకుని ఉలాలీ పకపకా నవ్వింది, ముసుగు కిందనించి, చర్చంతా తిరిగి చూసింది. గుడ్లు పెట్టింది నిజం. నేను చెప్పిన వాటిలో ఆమెని నవ్వించిన మొదటిది నిజమే. ఇన్నాళ్ళూ మర్చిపోయాను.

ఇంజను. వినబడుతోంది. ఒనెజీమ్ పడవే, దాని దగ్గు నాకు తెలుసు. కాలవ కూడలి దగ్గరికొచ్చింది. ఇటు తిరుగు. ఇటు తిరగరా బామ్మర్దీ. అరుస్తున్నాను, అరుపు బయటికి మేకపిల్ల కూతలా వచ్చింది, వాడి ఇంజను మోతలో వాడి మాట వాడికే వినబడదు. తిరిగాడు. దక్షిణానికి. మోత పలచబడుతోంది, ఇంకా పలచబడుతోంది, ఇప్పుడు తూనీగ రెక్కచప్పుడంతే ఉంది, ఇప్పుడు తూనీగ రెక్కచప్పుడే ఉంది.

సరే. ఏడవకు. ఒంట్లో నీళ్ళు దాచుకో. కావాలంటే థాంక్సు చెప్పు, దానికి నీళ్ళు ఖర్చవవు. పాముకి థాంక్సు, జానా బెత్తెడే ఉన్నందుకు. మోడుకి థాంక్సు, నీడనిచ్చినందుకు. పైనున్న దోమలడేగలకి. ఫోర్కు రోజున నన్ను ఇంట్లోంచి గెంటెయ్యనందుకు ఉలాలీకి, రోజూ ఏడింటికి వచ్చినందుకు, కాఫీలో పంచదార ఎక్కువేసి వెయ్యలేదని అబద్ధం చెప్పినందుకు. ఆమె కూడా చెబుతుంది చూశావా, చిన్నవి, తియ్యనివి. అదిగో, వేలాడుతున్నది ఒక్కసారిగా ఉదుటున పైకి లేచింది, తన పాత తలనే పట్టుకుని తోక లాగేసుకుంది. శభాష్! అరిచేశాను. రెక్కలు ఇప్పుడు నలిగిన కాగితపు ముక్కలు, తడిగా, వీపుమీద. మెల్లగా నిండుతున్నాయి, ఎవరో లోపలినించి ఇస్త్రీ చేస్తున్నట్టు. తోక చివర ఒక నీటిబొట్టు, బురదలో తాగిన ఆఖరి నీళ్ళు కాబోలు, పడేసింది. ఎంతసేపైంది? పొద్దు చెట్ల భుజాల మీదికొచ్చింది, గంట అయ్యుంటుంది. ఇంకో క్షణంలో రెక్కలు విప్పుతుంది, విప్పాక చచ్చేదాకా మళ్ళీ ముడవదు, ముడవలేదు. అది చూసి కళ్ళు మూసుకుంటాను, కొంచెంసేపే.

చప్... చప్... గెడ చప్పుడు. నీళ్ళలో గెడ దిగి, మట్టిని తన్ని, లేచే చప్పుడు. నిజమా, విషమా? కళ్ళు తెరిచాను. చెట్ల మధ్య నించి చిన్నదోనె, అందులో నిలబడి, తలగుడ్డ కట్టుకుని, డెబ్భైకి దగ్గరపడ్డ నా పెళ్ళాం. నా దగ్గరికొచ్చి గెడ దించి ఆపింది. చెయ్యి చూసింది.

"ఈసారి కూడా ఫోర్కేనా?"

"కాదే."

అప్పుడు ఆమె ముఖం మారింది. దోనె నా పడవకి తాడేసి బిగించింది, ఇటు దూకింది, చెయ్యి గుండె ఎత్తున ఉండేలా తలగుడ్డతో ఉయ్యాల కట్టింది, నీళ్ళు తాగించింది, చిటికెన వేలికున్న ఉంగరం చూసి దాన్ని ఒకసారి నొక్కి వదిలేసింది. గెడ అందుకుంది. రెండో మలుపు దాటితే ఫోను పలుకుతుంది, అంబులెన్సు రేవుకొచ్చేస్తుంది, కూర్చో, మాట్లాడకు అంది. నేను మాట్లాడకుండా ఎలా ఉంటాను.

"నన్ను నమ్మావా ఉలాలీ? ఉత్తరమంటే ఉత్తరమని?"

"నువ్వేమన్నావో నేను వినను. నలభై ఆరేళ్ళుగా వినలేదు." గెడ మోడుకి ఆనించి పడవని నీళ్ళలోకి నెట్టింది. "నీ బూట్లు చూస్తాను. నల్లమడుగు నీళ్ళు కదలవు, అక్కడ తూనీగ కుబుసం పొట్టిగా, బొచ్చుగా, మట్టి పట్టి ఉంటుంది. ఈ పాయలో పారే నీళ్ళు. పొడుగుకాళ్ళవి, సాలీళ్ళలాంటివి. వారంరోజులుగా నీ బూట్లకి ఇవే."

కాఫీడబ్బా. నిధినిక్షేపాలు. నలభై ఆరేళ్ళుగా నేను ఎక్కడికెళ్ళానో ప్రతిరోజూ ఆ కిటికీలో ఉంది, నేనేమో పొద్దున్నే తిరగేసి చెప్పి మీసం మెలేసుకుంటూ వెళ్ళాను.

"మరి రోజూ ఎటు అని ఎందుకడుగుతావే?"

"నువ్వు చెప్పేటప్పుడు నీ ముఖం ఎంత ముద్దుగా ఉంటుందో నీకేం తెలుసు."

"ఇవాళ నా ముఖం చూడలేదు కదా!"

"చూసుంటే నిజమని తెలిసి భయపడేదాన్ని. ఒనెజీమ్‌కి ఉత్తరమనే చెప్పాను. ఉత్తరమా, అయితే దక్షిణమే అని నవ్వి పోయాడు. మగాళ్ళు బూట్లు చూడరు."

తలతిప్పి చూశాను. బోను మెడ మీద కుబుసం ఒక్కటే ఉంది, వీపు చీలి, పొడుగు కాళ్ళతో తీగని ఇంకా గట్టిగా పట్టుకుని. ఎగిరిపోవడం చూడలేదు. పోనీలే. ఉలాలీ కూడా అటు చూసి, పడవ ఆపకుండానే చెయ్యి చాచి, కుబుసం విడదీసి, జాగ్రత్తగా తన జేబులో వేసుకుంది. ఇవాళ్టిది.

"ఎంత పాము?" అంది కాసేపయ్యాక.

నోట్లో ఊరింది. పక్కజిల్లా దాకా తోక నాలిక చివరికొచ్చి కూర్చుంది. పొద్దు చూశాను, గూకడానికి ఇంకా రోజంతా ఉంది.

"జానా బెత్తెడు," అన్నాను. నా జీవితంలో అంత బరువైన మాట ఎత్తలేదు.

గెడ ఆగింది. దూరంగా రేవు కనబడుతోంది, జనం నిలబడి ఉన్నారు, నిన్న రొయ్యలు తిన్నవాళ్ళే.

"నా మొగుణ్ణి జానా బెత్తెడు పాము పడగొట్టిందని ఆ జనానికి చెప్పనా? నా పరువేం కావాలి? పన్నెండడుగులు. తల ఇంత, గుమ్మడికాయంత."

"పందెమే పిచ్చిదానా! పొద్దు గూకేదాకా..."

"పందెం నీకు, నాకు కాదు. నువ్వు నోరు మూసుకో, నేను చెబుతాను."

సరిగ్గా అప్పుడే తూనీగ ఒకటి, రెక్కలింకా మెత్తగా మెరుస్తున్న కొత్త తూనీగ, మా పడవ ముందునించి అడ్డంగా దూసుకుపోయింది. ఉలాలీ గెడ ఒంటిచేత్తో పట్టుకుని, చప్పున రెండో చెయ్యి పెదాలకి అడ్డం పెట్టుకుంది.